ముత్యం పిల్లి ముక్కు

అనగనగా అని నేనంటాను, ఊఁ అని నువ్వనాలి. నిద్రొస్తే మానెయ్యి బంగారం, నేను మాత్రం ఆపను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. ఆవిడది ఎండుచేపల పని. ఇసకలో పాత వలలు పరిచి, వాటి మీద నెత్తళ్ళనే చిన్న ఉప్పుచేపలు ఆరబోసి, చీపురు పట్టుకుని పక్కనే కూర్చునేది. చీపురెందుకూ? పిల్లుల్ని తోలడానికి! అలా నలభై ఏళ్ళు తోలింది. నూకాలు దగ్గు వినబడితే చాలు, ఆ ఒడ్డున ఒక్క పిల్లి ఆగేది కాదు.

అప్పుడేమైందీ, నూకాలుకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇసకలో నడవలేకపోయింది. ఆ తర్వాత ఆవిడకి పని ఎక్కడ దొరికిందో తెలుసా? పిల్లుల దగ్గరే!

ఆ ఊళ్ళో సలీమా అని పశువుల డాక్టరమ్మ ఉండేది. మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో ఒక పెద్ద గది తీసుకుని, ఎవరికీ అక్కర్లేని పిల్లుల్ని సాకేది. ఆరోగ్యంగా ఉన్న పిల్లులు కావమ్మా. అన్నీ ఏదో ఒక అవకరం ఉన్నవే.

"ఊడవాలి, కడగాలి, తిండి పెట్టాలి. చేస్తావా నూకాలమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"సేస్తాను గానీ, ముట్టుకోమంటే మాత్రం నా వల్ల కాదమ్మా," అంది నూకాలు.

గదిలోకి వెళ్ళగానే రైలు ఎదురొచ్చింది. రైలంటే ఒక గండుపిల్లి పేరు. ఆటో తగిలి నడుము కింద అంతా చచ్చుబడిపోయింది. ముందుకాళ్ళతో ఒళ్ళు లాక్కుంటూ గచ్చు మీద సర్రున పోతుంది, అందుకని రైలు. ఆ తర్వాత ఊయల కనబడింది. దానికి పుట్టుకతోనే మెదడులో లోపం. తల ఊగుతుంది, ఒళ్ళు ఊగుతుంది. గిన్నె కోసం బయల్దేరితే గోడ దగ్గర తేలుతుంది. ఆ తర్వాత ముత్యం. తెల్లటి ఆడపిల్లి. కూనగా ఉన్నప్పుడే జబ్బు చేసి రెండు కళ్ళూ పోయాయి. కళ్ళుండాల్సిన చోట మెత్తటి బొచ్చు, అంతే.

"అయ్యో, ఇయ్యేటి బతుకుతాయి!" అనుకుంది నూకాలు.

అప్పుడు ఒకరోజు డాక్టరమ్మ ఎక్కడో ఆవు ఈనుతోందని వెళ్ళి ఇరుక్కుపోయింది. నడుము చచ్చుబడింది కదా, రైలుకి ఉచ్చ వచ్చేదీ తెలీదు. రోజుకి మూడుసార్లు పొట్ట మెల్లగా నొక్కి మనుషులే పోయించాలి. "నేను వచ్చేసరికి ఆలస్యమవుతుంది. పోయించకపోతే దాని ఒంట్లోనే విషమైపోతుంది నూకాలమ్మా," అని ఫోన్ చేసింది డాక్టరమ్మ. నూకాలు పళ్ళు బిగబట్టి రైలుని ఎత్తింది. ఫోన్లో చెబుతుంటే వేళ్ళతో వెతికింది. నిమ్మకాయలా గట్టిగా తగిలింది. మెల్లగా నొక్కింది. వచ్చింది! నవ్వకు, ఆ గండుపిల్లి ప్రాణం అందులో ఉంది మరి. రైలు వెనక్కి తిరిగి ఆవిడ మణికట్టు నాకింది. ఆ గరుకు నాలుక తగిలినా, నూకాలు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత ఒకరోజు ఊయల గిన్నె దగ్గరికి బయల్దేరి పదకొండుసార్లు పడింది. నూకాలు ఎత్తబోతే డాక్టరమ్మ ఆపింది. "ఆగు. దాని నడక దానిది." పన్నెండోసారి ఊయల తల సరిగ్గా గిన్నెలో పడింది. పడ్డ సంగతే గుర్తులేనట్టు హాయిగా తింది. విసుగు లేదు, ఏడుపు లేదు.

ఆ తర్వాత ఇంకోరోజు గచ్చు కడుగుతూ నూకాలు బల్లని గది మధ్యకి లాగింది. ముత్యం వచ్చింది. బల్ల ఇంకా జానెడు దూరంలో ఉండగానే ఆగింది. మీసాలు ముందుకి చాచింది. ఆ తర్వాత చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. అప్పుడే ఒక ఈగ జుయ్యిమంది. ముత్యం చెవి తిరిగింది, గాల్లోకి ఎగిరింది, టక్కున ఈగని పట్టేసింది!

"ఓలమ్మో!" అని నూకాలు చీపురు వదిలేసింది. కళ్ళున్న పిల్లుల్ని నలభై ఏళ్ళు చూసింది గానీ, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు.

అలా ఉండగా ముసురు పట్టింది. ముత్యానికి జలుబు చేసింది. ముక్కు దిబ్బడ వేసింది. వాసన తెలీకపోతే పిల్లి తిండి ముట్టదమ్మా. అందులోనూ ముత్యానికి ముక్కే కన్ను. మొదటి రోజు తినలేదు. రెండో రోజు గోడకి తల కొట్టుకుంది, ఇక కదలకుండా మూల కూర్చుంది. మూడో రోజు పిలిస్తే చెవి కూడా తిప్పలేదు. డాక్టరమ్మ సూది మందిచ్చింది, సెలైను ఎక్కించింది.

"ఇవాళ కూడా ముద్ద దిగకపోతే కాలేయం చెడిపోతుంది. తర్వాత నేనేమీ చెయ్యలేను నూకాలమ్మా," అంది.

నూకాలు కోడిమాంసం ఉడికించి పెట్టింది. ముత్యం మొహం తిప్పుకుంది. చేప నీళ్ళు వేలికి రాసి పెదవికి తాకించింది. తుడిచేసుకుంది. అప్పుడు నూకాలు బకెట్ నిండా మరిగే నీళ్ళు స్నానాలగదిలో పెట్టి, తలుపేసుకుని, ముత్యాన్ని ఒళ్ళో పెట్టుకుని, బకెట్‌కి దూరంగా ఆ ఆవిరిలో కూర్చుంది. చెమటలు కారిపోతున్నా లేవలేదు. తడిగుడ్డతో ముక్కు తుడిచింది, మళ్ళీ తుడిచింది. ఎంతసేపటికో ఒక ముక్కుపుటం లోంచి సన్నగా గాలి ఆడింది.

"డాక్టరమ్మా, నెత్తళ్ళు కాల్సనా?"

"ఉప్పుచేప పెట్టకూడదు నూకాలమ్మా."

"పెట్టడానికి కాదమ్మా. వాసన సూపించడానికి."

కుంపటి మీద గుప్పెడు నెత్తళ్ళు పడ్డాయి. ఆ వాసనకి ఫ్యాక్టరీ అంతా కదిలిపోయింది. పిల్లులన్నీ ఒకటే అరుపు. రైలు సర్రున వచ్చింది. ఊయల పడుతూ లేస్తూ వచ్చింది. ముత్యం మాత్రం మళ్ళీ తన మూలకే చేరి కూర్చుంది.

అప్పుడు దాని ముక్కు కొస కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. ముత్యం లేచింది. కాళ్ళు వణుకుతున్నాయి. అయినా రైలుకీ ఊయలకీ మధ్యలోంచి, దారి గీసి ఉన్నట్టు తిన్నగా వచ్చింది. నూకాలు ఉప్పులేని ఉడికించిన చేప ముద్ద చేతిలో పట్టుకుని, ఊపిరి బిగబట్టింది. ముత్యం వాసన చూసింది. నాకింది. ఆ తర్వాత తింది! ఎన్నో జంతువులకి వైద్యం చేసిన డాక్టరమ్మ ఇంకో ముద్ద తనే కలిపి అందించింది.

ముత్యం కోలుకుంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, నూకాలు పైట చెంగుతో కళ్ళకి గంతలు కట్టుకుంది. గుమ్మం నుంచి ముత్యం గిన్నెదాకా నడుద్దామనుకుంది. ఒక అడుగు వేసింది. రెండో అడుగుకి బకెట్ దొర్లింది. మూడో అడుగుకి గోడ ఎటుందో తెలీలేదు. ఉన్నచోటే కూలబడిపోయింది.

"ఇంత సీకట్లోనా తల్లీ నువ్వు తిరుగుతున్నావు!"

అప్పుడు ఒళ్ళో మెత్తగా ఒక బరువు వచ్చి కూర్చుంది. నూకాలు గంతలు విప్పలేదు. ముత్యం వీపు మీద చెయ్యి వేసుకుని అలాగే ఉంది. రేకుల మీద కాకి గోళ్ళు గీరడం వినబడింది. తలుపు సందులోంచి వచ్చే ఉప్పుగాలి ఎడమ చెంపకి తగిలింది. దూరంగా కెరటం విరగడం, ఇసక మీద నురుగు ఇంకిపోవడం కూడా వినబడింది. రోజూ ఊడ్చే ఆ గదిలో ఇన్ని ఉన్నాయని ఆవిడకి అప్పుడే తెలిసింది.

కథ కదిలి కంచికి చేరె,
కెరటమొచ్చి ఒడ్డుకు చేరె,
పిల్లి వచ్చి ఒడికి చేరె,
నిద్ర వచ్చి కంటికి చేరె.