రెండు జ్యేష్ఠాల ఏడు

అనగనగా, అనగనగా, ఏడాదిలో సగం నెలలు మబ్బులో తల దాచుకునే పెద్ద కొండ ఒకటి. ఆ కొండ కింద ఓ ఊరు. ఆ ఊళ్ళో గురువులు అని ఓ పెద్దాయన. కాళ్ళు సర్దుకో చంటీ, తమ్ముడి దుప్పటి లాక్కోకు. ఇవాళ్టి కథలో నవ్వులు తక్కువ, ముందే చెబుతున్నా.

గురువులు పనేంటంటే, ఏటా కొండెక్కేవాళ్ళకి దారి చూపించడం. ఎందుకెక్కుతారంటావా? వాళ్ళ ఆచారం అది. జ్యేష్ఠ శుద్ధ తదియ నాడు, తొలకరి పడకముందు, సామ విత్తనాలు మూటగట్టి పదిమంది మగాళ్ళు కొండ తల దాకా ఎక్కాలి, మూట మొయ్యడం ఏటా ఒకరి వంతు. అక్కడి బండకి తాకించి, కిందికి తెచ్చి, ఇంటికో దోసెడు పంచాలి. కొండ చూడని విత్తనం మొలవదని వాళ్ళ నమ్మకం. దారి ఎలాంటిదనుకున్నారు! ఊరు దాటితే వాగు, వాగు దాటితే వెదురు తోపు, వెదురు తోపు దాటితే ఏనుగు గుండు, ఏనుగు గుండు దాటితే గాలి గడప, గాలి గడప దాటితే కొండ తల. గాలి గడప మీద చెట్టు లేదు, పుట్ట లేదు, మనిషి దాక్కోడానికి జానెడు చోటు లేదు. ఊఁ కొట్టండర్రా, గోడలకి చెబుతున్నానా?

సరే. ఆ ఏడు అధికమాసం వచ్చింది. అంటే ఏం లేదు, చంద్రుడి లెక్కా సూర్యుడి లెక్కా పొసగక, మూడేళ్ళకోసారి ఓ నెల ఎక్కువొస్తుంది. ఆ నెలలో పెళ్ళి చెయ్యరు, కొత్తింట్లో పాలు పొంగించరు. ఆ ఏడు జ్యేష్ఠాలే రెండొచ్చాయి. మొదటిది అధికం, రెండోది అసలుది. అసలు జ్యేష్ఠంలోనే ఎక్కుతామని గురువులు ఊరంతా చాటింపు వేయించాడు. మూట మోసే వంతు ఆయన ఒక్కగానొక్క కొడుకు ఎర్రయ్యది. మొదటిసారి మరి, కుర్రాడు గాల్లో తేలిపోతున్నాడు.

ఎర్రయ్య పెళ్ళాం నూకాలు. మేకలు కాసుకునే పైఊరి పిల్ల. వాళ్ళు తిథులు చూడరు, సూర్యుణ్ణి బట్టి వచ్చే కార్తెలు లెక్కపెడతారు. చాటింపు వినగానే ఆ పిల్ల వేళ్ళు మడిచింది. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర. ఇంకోసారి మడిచింది. మృగశిర దగ్గరికి రాగానే దాని మొహం పాలిపోయింది.

మావగారు అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక దగ్గరికెళ్ళి నిలబడింది. అసలు జ్యేష్ఠం తదియ మృగశిర చివర్లో పడుతోందనీ, అప్పటికి పడమటిగాలి తిరిగి పొద్దెక్కకుండానే గాలి గడప మీదికి మబ్బు వస్తుందనీ, పైన పిడుగు, కింద వాగు, మధ్యలో మనుషులు చిక్కుకుంటారనీ చెప్పింది. అధికమాసం తదియైతే కృత్తికలో పడుతుంది, ఆకాశం అద్దంలా ఉంటుంది, అప్పుడే వెళ్ళమంది. ఆ ఎండకి ఊటలన్నీ ఎండిపోతాయి కాబట్టి మనిషికి రెండు సొరబుర్రల నీళ్ళు కట్టుకోవాలి. తొలికోడికే బయల్దేరాలి, పొద్దు నడినెత్తికి రాకముందే కొండ తల దిగిపోవాలి. దారిలో ఎక్కడ మబ్బు కనబడితే అక్కడే వెనక్కి తిరగాలి. అంతా అరటిపండు ఒలిచినట్టు చెప్పింది.

గురువులు కస్సుమన్నాడు. అధికమాసంలో శుభకార్యమా, బుద్ధుందా అన్నాడు. నిన్నగాక మొన్న వచ్చినదానివి, నలభైసార్లు ఎక్కినవాడికి కొండ నేర్పుతావా అన్నాడు. నూకాలు తల దించుకుంది గానీ అక్కణ్ణించి కదల్లేదు.

"మావయ్యా, ఒక్కమాట చెప్పండి. పెదమావగారు కొండమీద చనిపోయిన ఏడు జ్యేష్ఠాలు రెండా, ఒకటా?"

గురువులు కండువా భుజాన వేసుకుని విసవిసా బయటికెళ్ళిపోయాడు.

ఊఁ... వింటున్నారా? ఇప్పుడు ఆ పాత సంగతి చెప్పాలి.

పంతొమ్మిదేళ్ళ కిందట గురువులూ, వాళ్ళన్నా కలిసి ఎక్కారు. ఏనుగు గుండు దగ్గర అన్న ఆగి, మబ్బు పడుతోందిరా తమ్ముడూ, దిగిపోదాం అన్నాడు. భయమైతే చీర కట్టుకో అని గురువులు ఎగతాళి చేశాడు. రోషపడి అన్న ముందు నడిచాడు. గాలి గడప మీద పిడుగు పడింది. వెదురుబొంగుల మీద కిందికి మోసుకొచ్చారు నాయనా, మనిషిని.

ఊరు ఊరంతా, ఎందుకిలా జరిగిందని అడిగింది. అప్పుడు గురువులు ఏమన్నాడో తెలుసా? మా వదిన తలస్నానం చెయ్యకుండా విత్తనాల మూట ముట్టుకుంది, కొండకి కోపమొచ్చింది అన్నాడు. నోటికొచ్చింది, అనేశాడు. ఊరు నమ్మింది. మొగుడు పోయిన దుఃఖంలో ఉన్న అచ్చమ్మ నెత్తిన అదొకటి పడింది. ఆనాటి నుంచీ ఆవిణ్ణి విత్తనం ముట్టుకోనివ్వలేదు. ఊరంతా చల్లుతుంటే ఆవిడ దూరంగా గట్టు మీద నిలబడేది. పంతొమ్మిదేళ్ళు!

వాగు ఒడ్డున కూచున్న గురువులికి అన్నీ గుర్తొచ్చాయి. ఆ ఏడు చెల్లెలి పెళ్ళి ముహూర్తం వెనక్కి జరిగింది. ఎందుకు జరిగింది? అధికమాసమని జరిగింది. ఏ మాసం? జ్యేష్ఠం. అంటే అన్న పోయిందీ ఇలాంటి రెండో జ్యేష్ఠంలోనే. ఇప్పుడు రోజు మారిస్తే ఊరు ఊరుకోదు, ఎందుకు మార్చావని అడుగుతుంది. కారణం చెబితే తన నోటి పాపం బయటపడుతుంది. మార్చకపోతే మూట ఎర్రయ్య భుజాన ఉంటుంది. పరువా, కొడుకా? పొద్దుగూకేదాకా అక్కడే కూచున్నాడు. పాపం, ఏడ్చాడు కూడా.

మర్నాడు పొద్దున్నే ఊరిని కూడగట్టాడు. రోజు మారుస్తున్నాను, అధికమాసం తదియకే ఎక్కుతాం అన్నాడు. గోల గోలైంది. అప్పుడాయన చేతులు జోడించి, అన్నని చంపింది మృగశిర మబ్బూ నా ఎగతాళీ గానీ వదిన చెయ్యి కాదు, ఆ మాట నేను అబద్ధమాడాను అన్నాడు. చెట్టంత మనిషి అలా నిలబడి చెబుతుంటే పెద్దలు సరే కానిమ్మన్నారు. కొందరు మాత్రం, ఈ ఏడు పంట పండినట్టే అని గొణుక్కుంటూ పోయారు.

నూకాలు చెప్పినట్టే తొలికోడికి బయల్దేరారు. వాగు దాటారు, వెదురు తోపు దాటారు, ఏనుగు గుండు దాటారు, గాలి గడప దాటారు. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. మూట బండకి తాకించి, పొద్దు నడినెత్తికి రాకముందే దిగడం మొదలెట్టారు. రెండో బుర్ర నీళ్ళు అయిపోయేసరికి వెదురు తోపు నీడలో ఉన్నారు. ఎర్రయ్య నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. నూకాలు నవ్వలేదు. మొగుణ్ణి కళ్ళారా చూసుకుని, అప్పుడు పొయ్యి వెలిగించింది.

నెల తిరిగింది. అసలు తదియ వచ్చింది. పొద్దెక్కకుండానే పడమటి నుంచి నల్లగా వచ్చేసింది. ఊరంతా వీధిలో నిలబడి చూస్తోంది. గాలి గడప మీద పిడుగు. మళ్ళీ పిడుగు. మళ్ళీ. వాగు రెండు ఒడ్లూ దాటింది. పదిమంది తల్లులు, పదిమంది పెళ్ళాలు, ఎవళ్ళ మనిషి చెయ్యి వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. అధికమాసమని గొణిగినవాళ్ళు కూడా.

గురువులు ఆ వానలోనే అచ్చమ్మ గుమ్మం ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఊరందరి ముందూ చెప్పాడు గానీ, ఆవిడకి చెప్పడానికి నెల్లాళ్ళు కాళ్ళు రాలేదు. మనిషి అంతే.

"వదినా, తప్పు నాది. నీ నెత్తిన పెట్టాను."

ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చూరు నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"మీ అన్న పోయినందుకు ఒక ఏడుపు ఏడ్చాను మరిదీ. నావల్లే పోయాడేమోనని రోజూ ఏడ్చాను," అంది. "నువ్వన్నమాట నేను కూడా నమ్మాను."

అంతే, గురువులు ఆ బురదలోనే కూలబడిపోయాడు. ఆవిడ లేవమనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి లోపలికెళ్ళి పొడి తువ్వాలు తెచ్చి ఆయన తలమీద వేసింది.

వాన వెలిశాక ఊరు సామలు చల్లింది. తొలి దోసెడు ఎవరు చల్లారో చెప్పండి? అవునమ్మా, అచ్చమ్మే. అలవాటు తప్పిన చెయ్యి కదా, సగం గింజలు ఒకచోటే పడ్డాయి. అప్పట్నుంచీ ఆ ఊళ్ళో కొండెక్కే రోజు కార్తె చూసి, గాలి చూసి, నూకాలే చెప్పేది. మబ్బు కనబడితే వెనక్కి తిరిగినవాణ్ణి ఎవరూ పిరికివాడనలేదు. అందరూ చల్లగా బతికారు. మీరూ గుర్తుపెట్టుకోండి, తప్పు చేస్తే ఆ పూటే ఒప్పేసుకోండి. ఆలస్యమైనకొద్దీ ఇంకొకళ్ళు మోస్తూ ఉంటారు.

కథేమో కంచి దారి పట్టింది, మనమేమో మన గడప తొక్కాం. దీపం తగ్గిస్తున్నా, పడుకోండి నాయనా.