కాపలా అడగని జెముడు

కోట తోటలో పనిచేసే సుంకులమ్మ, ఎడారి వర్తకుడొకడు ఇచ్చిన గింజ నాటి ఓ వింత జెముడును పెంచింది. నీళ్లు ఎప్పుడు పోయాలో కాదు, ఎప్పుడు పోయకూడదో నేర్చుకుని మరీ పెంచింది.

అది తొలిసారి పూసిన రోజు రాజుగారు ఈటెల భటులతో వచ్చి పువ్వు మీద చెయ్యి వేయబోయారు. ముల్లు కసుక్కున దిగింది.

"నా తోటలో ఉంటూ నన్నే గుచ్చుతుందా? ముళ్లన్నీ పీకెయ్! లేదంటే మొక్కనే పీకెయ్!"

సుంకులమ్మ తొణకలేదు. "చిత్తం మహాప్రభో, ముళ్లే పీకేస్తాను. వాటి బదులు మీ ఈటెల భటులను కొందరిని ఇక్కడ నిలబెట్టండి."

"మొక్కకి కాపలానా?" రాజుగారు పకపకా నవ్వారు.

"దీని ఒంటినిండా నీళ్లే ప్రభూ. ముళ్లు లేకపోతే మీ తోటలోని లేళ్లే సాయంత్రానికల్లా మొదలంటా మేసేస్తాయి. ఎడారిలో దీనికి సైన్యాన్ని ఎవరిస్తారు? అందుకే తన ఈటెలు తానే మొలిపించుకుంది. ఈ కోటలో ఎవరినీ కాపలా అడగకుండా బతికేది ఇదొక్కటే."

రాజుగారు వెనక్కి తిరిగి, తన చుట్టూ ఉన్న ఈటెలను చూసుకున్నారు. వచ్చిన దారినే వెళ్లిపోయారు.

మర్నాడు రెండో మొగ్గ విచ్చిందని తెలిసి మళ్లీ వచ్చారు. భటులను తోట గుమ్మం దగ్గరే ఆపి, ఒక్కరే వచ్చారు.

సుంకులమ్మ జెముడు పక్కన, దానిలాగే నిటారుగా నిలబడింది.