కొత్త బావి, కొత్త తాడు

వెనకటికి ఒక సంస్థానంలో తాళ్లమ్మే హక్కు ఒక్క గురవప్పకే ఉండేది. ఏటేటా తాడు సన్నబడింది, ధర మాత్రం లావెక్కింది. చివరికి ఆ ముప్పు బావులు తవ్వే తిప్పక్క మీదికొచ్చింది. బావిలోకి గంపలో దిగుతుండగా తాడు తెగి, ఆమె మొగుడు నడుం విరిగి మంచాన పడ్డాడు.

తిప్పక్క దొరకు మొరపెట్టుకుంది.

"నా సరుకు బంగారం దొరా! ఇది డబ్బు గుంజడానికొచ్చింది" అన్నాడు గురవప్ప.

"రుజువు చెయ్యి. లేదంటే రేపే ఊరొదిలి పో" అన్నాడు దొర తిప్పక్కతో.

కదల్లేని మొగుణ్ణి మోసుకుని తిప్పక్క ఎక్కడికని పోతుంది? ఆమె చేతులు జోడించింది.

"తప్పయింది దొరా, తాడు మంచిదే. ఒక్క మనవి. కోటలో మేం తవ్విన బావిలో ఊట పడింది. పెద్దమనిషెవరైనా దిగి ఊటకు పసుపు కుంకుమ చల్లందే ఆ నీళ్లు ఎవరూ ముట్టరు. ఆ పని ఈ అయ్యగారి చేత్తో జరిపించండి."

గురవప్ప పొంగిపోయాడు. దొర చూస్తుండగా, మెడలో పూలదండతో దర్జాగా గంపలో కూర్చున్నాడు. బంట్లు గంపను బావి మీదికి జరిపారు. కింద చీకటి. నెత్తిమీద తాడు కిర్రుమంది.

"ఈ తాడెక్కడిదే?"

"మీ కొట్లోదే అయ్యా, ఇందాకే కొన్నాను."

గురవప్ప గంప అంచు గట్టిగా పట్టుకున్నాడు. దండలో పూలు వణికాయి.

"ఆపండ్రా! లాగండ్రా నన్ను! మా ఇంటి బావికి పాత తాడుంది, పరిగెత్తి అది తెండి!"

తిప్పక్క దొరవైపు తిరిగింది.

"మేం డబ్బులిస్తున్నదీ అలాంటి గట్టి తాడుకే కదా దొరా!"