ఎలుగు తాత ఊట

కొండ దిగువన కుంటి పాక అని ఒకటుండేది. కాలు విరిగినవాళ్ళు, చూపు పోయినవాళ్ళు, ముసలితనంలో మంద వదిలేసినవాళ్ళు, ఎవరొచ్చినా ఓబన్న అనే ఎద్దు లోపలికి పిలిచి ఇంత గడ్డి వేసేవాడు. గడ్డి తిననివాళ్ళకి ఏదో ఒకటి వెతికి తెచ్చేవాడు. ఒకసారి ఎలుగు తాత కాలు ఉచ్చులో పడి నలిగితే, వానాకాలమంతా ఆ పాకలోనే పడుకుని కోలుకున్నాడు.

తాతకి పాక పక్కనే సొంత ఊట ఉంది. మండుటెండల్లో కూడా పళ్ళు జివ్వుమనే నీళ్ళు. పిల్లా జెల్లా లేరు. ఆఖరి రోజుల్లో తోకరాజు అనే నక్క పక్కన చేరి కాళ్ళు పిసికాడు, ఈగలు తోలాడు. తాత పోయేటప్పుడు గుహలో ఉన్నది వాడొక్కడే.

"ఒరే తోకా, నా తర్వాత ఊట కుంటి పాకకిరా. నా మాటగా అందరికీ చెప్పు" అన్నాడు తాత.

"అంతకంటేనా తాతా" అని నక్క కళ్ళు ఒత్తుకున్నాడు.

బయటికొచ్చాక వేరేగా చెప్పాడు. "ఊట నాకిచ్చేశాడు. వద్దు తాతా అంటే వింటేనా."

పాక దగ్గర తవ్వుకున్న నీటి చెలమ అప్పటికే ఎండిపోయింది. ఏరు ఎక్కడో ఉంది. అంతదూరం నడవగలిగినవాళ్ళయితే కుంటి పాకలో ఎందుకుంటారు? ఓబన్న వెళ్ళి నక్కని అడిగాడు.

"రాజూ, మావాళ్ళని ఊట దగ్గరికి రానిస్తావా?"

"అయ్యో, రానివ్వకేం మావా. గుక్కకో గుడ్డు ఇస్తే చాలు."

"ఎద్దుని నేను. గుడ్లు ఎక్కణ్ణించి పెట్టను?"

"అది కూడా నన్నే ఆలోచించమంటే ఎలా మావా?"

ఇంతలో తాత పెద్దకర్మ వచ్చింది. వారసుణ్ణని చెప్పుకున్నాక ఖర్చు తప్పదు కదా, నక్క ఘనంగానే చేశాడు. ఆ అడవిలో ఒక పద్ధతుంది. పోయినవాళ్ళకి ఇష్టమైనవి ఆకులో వడ్డించి దూరంగా నిలబడతారు. కాకి ముట్టిందా, ఆత్మ తృప్తిగా వెళ్ళిపోయినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలినట్టు. అది తీరేదాకా పోయినవాళ్ళు వారసుడి ఇంటి చుట్టే తిరుగుతారంటారు.

వంట కోతిది. బాణలిలోంచి తీసినవి తీసినట్టే పరుగున తెచ్చి, పొగలు కక్కే గారెలు ఆకు నిండా పేర్చాడు. తాతకి గారెలంటే ప్రాణం.

కావమ్మ అనే కాకి వచ్చి వాలింది. ఆకు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. ముక్కు దగ్గరగా పెట్టింది. వెనక్కి తీసుకుంది. ఎగిరి పక్క బండ మీద కూర్చుంది.

జంతువులన్నీ గుసగుసలాడాయి. "తాతకి ఏదో మిగిలిపోయినట్టుందే" అంది గాడిదమ్మ. ఆమె గుసగుస కూడా కొండకి తగిలి తిరిగొస్తుంది.

నక్క గొంతు సవరించుకున్నాడు. "తాతా, ఏటా నీ పేరున ఇలాగే గారెలు వండిస్తాను."

కాకి కదల్లేదు.

"నీ గుహ ముందు పూలమొక్కలు వేయిస్తాను తాతా."

కాకి దిగింది, వంగింది, మళ్ళీ బండెక్కింది. గాలి ఎటు వీస్తోందో చూడ్డానికన్నట్టు తల తిప్పింది. అది తిప్పిన వైపే కుంటి పాక ఉంది.

బతికుండగా తాత కొట్టిన ఒక చెంపదెబ్బ నక్కకింకా గుర్తే. పోయాక కొడితే ఎలా ఉంటుందో తెలీదు. మెల్లగా బండ దగ్గరికి జరిగాడు.

"అక్కా, నీకేం కావాలో చెప్పు, నేను చూసుకుంటాను."

"నాకేం వద్దు తమ్ముడూ. కాసేపు ఆగు."

"ఆగితే?"

"ఆగితే నీకే తెలుస్తుంది."

"ఆ రోజు గుహ దగ్గర నువ్వున్నావా?"

"కాకిని. నేనెక్కడ ఉండను?" అంది కావమ్మ, రెక్క సర్దుకుంటూ.

అంతే, నక్క అందరి ముందూ ఆకు దగ్గర చతికిలబడ్డాడు. "చెప్పేస్తున్నాను తాతా, నా గడప తొక్కకు. వినండర్రా, తాత ఊట నాకివ్వలేదు. కుంటి పాకకిచ్చాడు. అందరికీ చెప్పమన్నాడు. ఇదిగో, చెప్పాను."

కావమ్మ దిగి గారె ఒకటి ముక్కున కరుచుకుంది. తీరిగ్గా తిని రెండోది అందుకుంది.

ఓబన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మా, నీకు ముందే తెలిసుండి కూడా ఇంతసేపు ఎలా ఊరుకున్నావు?"

"నాకేం తెలుసు మావయ్యా?" అంది కాకి, నోటి నిండా గారెతో. "మొన్నో పెళ్ళిలో వేడి గారెకి ఆశపడి ముక్కు కాల్చుకున్నాను. ఇవి చల్లారతాయేమోనని చూస్తున్నానంతే."

నక్క ఎగిరి నిలబడ్డాడు. "అయితే నేనన్నది లెక్కలోకి రాదు. భయపడి అన్నాను."

"అందరం విన్నాం నాయనా" అంది గాడిదమ్మ, తల ఊపుతూ. "నా చెవులు చూడు, సరిగ్గా వినలేదని నేనంటే ఎవరైనా నమ్ముతారా?"

అడవంతా నవ్వింది. నక్క తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పొదల దారి పట్టాడు. "దాహమేస్తే రా రాజూ. గుడ్డు అక్కర్లేదులే" అని ఓబన్న వెనకనుంచి కేకేశాడు.

ఆ సాయంత్రమే కుంటి పాకవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని, తోసుకుని, తిట్టుకుంటూ ఊట దగ్గరికి నడిచి కడుపారా తాగారు. మర్నాటి నుంచి పాక ముందు కొత్త సందడి మొదలైంది. ఉడత వచ్చి, తన తర్వాత వేరుశనక్కాయల తొర్ర పాకకేనని గట్టిగా అరిచి చెప్పింది. నెమలి తన ఈకలన్నీ ఈగలు తోలే విసనకర్రలకిచ్చింది. గాడిదమ్మకి ఇవ్వడానికి ఏమీ లేదు. అందుకని మిగతావాళ్ళు చెప్పిందంతా విని గుర్తుపెట్టుకునే పని తీసుకుంది.

మన తర్వాత ఎవరికి ఏం చెందాలో మనం ఉండగానే నలుగురి చెవినా వేయాలి, ప్రతిసారీ గారెలు వేడిగా ఉండవు.