ఊకొట్టమ్మ తల్లి నాలుగు లెక్కలు

ఈ స్థలపురాణం పుస్తకం అట్ట మీద నా పేరు వేయించుకోలేదు. నిరాడంబరత నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. లోపల మాత్రం ఏడు చోట్ల వేయించుకున్నాను, అట్ట చిరిగిపోతే భక్తులు ఇబ్బంది పడకూడదని.

దిబ్బలమెట్ట ఘాటీ రోడ్డులో పద్నాలుగో మలుపు దగ్గర బస్సు ఆగుతుంది. డ్రైవరు ఇంజను ఆపేస్తాడు. అక్కడి నుంచి లోయవైపు నలభై మెట్లు దిగితే ఊకొట్టమ్మ తల్లి సన్నిధి. గుడి లేదు, గోడలు లేవు, గంట లేదు. నిలువెత్తు నల్లరాయి, దానికి పసుపు, కుంకుమ. రాతి మీద ఛాతీ ఎత్తున రెండు తెల్లటి గుంటలున్నాయి. కొత్తగా వచ్చినవారు అవి అమ్మవారి కళ్ళని దండం పెడతారు. అవి చెవులని ఇక్కడివారు సవరిస్తారు.

ఈ రాయిలోంచి ఒక పాట పుట్టిందని మీరు వినే ఉంటారు. దాన్ని రాక్ పాట అంటారని తెలిసినప్పుడు నేను ఘాటీ కింద చెక్‌పోస్టులో గేటు ఎత్తి దించే ఉద్యోగంలో ఉన్నాను. డిక్షనరీ తీసి చూస్తే రాక్ అంటే రాయి అని ఉంది. కాబట్టి అది రాతిపాట అని వచ్చే పోయే లారీలవాళ్ళందరికీ పదేళ్ళు వివరించాను. అది వేరే రాక్ అని తరవాత ఎవరో చెప్పారు. అయినా అసలు సంగతి విన్నాక నేను చెప్పిందే నిజమైంది. నా చదువులో ఇలా గురి తప్పినా తగిలినవే ఎక్కువ.

పూర్వం ఇక్కడ, అంటే త్రేతాయుగంలో కాదు, పందొమ్మిది వందల డెబ్బై నాలుగు డిసెంబరులో, ఒక పాత వ్యాన్ ఆగిపోయింది. అందులో విశాఖ రేవులో పనిచేసే నలుగురున్నారు. సెలవు రోజుల్లో గిటార్లు, డ్రమ్ములు వాయిస్తూ తమను తాము సైరన్ బృందం అని పిలుచుకునేవారు. పాడేవాడు శామ్యూల్ పైడిరాజు. డ్రమ్ములు కొట్టేవాడు గవరయ్య, వర్క్‌షాపులో సమ్మెట మనిషి. పొద్దున్నే కొండమీద ఊళ్ళో కచేరీకని బయలుదేరారు.

దారి పొడవునా పైడిరాజుకూ గవరయ్యకూ తగువే.

"పాట మధ్యలో కొంచెం ఆగరా, ఊపిరి తీసుకోనీ," అన్నాడు గవరయ్య.

"ఆగితే జనం లేచిపోతారు. మనది సైరన్. మొదలైందంటే మోగడమే," అన్నాడు పైడిరాజు.

"షిఫ్టు అయ్యాక సైరన్ కూడా ఆగుతాది. నువ్వే ఆగవు."

అప్పుడే ఇంజను వేడెక్కి పొగ కక్కింది. గవరయ్య కోపంగా నీళ్ళ డబ్బా పట్టుకుని, డ్రమ్ము కర్రలు నడుముకు దోపుకుని మంచులోకి నడిచిపోయాడు. అరగంటైనా తిరిగి రాలేదు.

మంచు ఎంత చిక్కగా ఉందంటే వ్యాన్ ముందుభాగంలో ఉన్నవాడికి వెనక చక్రం కనపడటం లేదు. పక్కనే లోయ. పైడిరాజు పేరు పెట్టి అరిచాడు. ఎదుటి కొండ ఆ పేరునే తిరిగి అరిచింది. మిగతా ఇద్దరిలో ఒకడు హారన్ నొక్కి పట్టాడు. రెండోవాడు వ్యాన్ బ్యాటరీకి తీగలు తగిలించి గిటారు మోగించాడు. పైడిరాజు మైకు అందుకున్నాడు. రెండు గంటలు ఆ కొండల్లో మోతే మోత. తాము చేసిన మోతే వెనక్కి వచ్చి తమ చెవుల్లో పడుతుంటే, ఎక్కడ వెతకాలో వాళ్ళకు అంతుపట్టలేదు.

ఆ సమయానికి మేకలు తోలుకుంటూ దాలమ్మ అనే ముసలావిడ అటు వచ్చింది. మేకలు బెదిరి చెదిరిపోయాయన్న కోపంతో వచ్చి, సంగతి విని, కోపం మానేసింది.

"ఏటి బాబూ, అరిసినోడు అరుస్తానే ఉంటే ఆడు ఊకొట్టీదెప్పుడు?" అంది.

పైడిరాజు మైకు దించి చూశాడు.

"మేక తప్పిపోతే ఒకపాలి పిలిసి ఊరుకుంటాం. అది తల తిప్పి గంట ఆడించీసరికి నాలుగు లెక్కలు పడతాది. అందాకా ఊపిరి కూడా తియ్యం. ముందు ఆ రంపపుకోత ఆపించు."

గిటారు ఆగింది. హారన్ ఆగింది. పైడిరాజు ఒక్కసారి, "గవరయ్యా, ఎక్కడున్నావురా," అని పిలిచాడు. ఒకటి లెక్కపెట్టేలోగా మళ్ళీ నోరు తెరిచాడు. దాలమ్మ అరచేత్తో ఆ నోరు మూసేసింది. రెండోసారి మూడు దాకా ఆగాడు. మూడోసారి పిలవగానే దాలమ్మ నోరు మూసి, చెయ్యి తియ్యకుండా, అతని దవడ మీద వేళ్ళతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తట్టింది.

కింద నుంచి వినిపించింది. టంగ్, టంగ్. రాయి పలికిన చప్పుడు.

గవరయ్య నలభై అడుగుల కింద రాతిగట్టు మీద పడి ఉన్నాడు. కాలు విరిగింది, పక్కటెముకలు నొక్కుకుపోయి గొంతు పెగల్లేదు. పక్కన ఉన్న నల్లరాయి మోగుతుందని గ్రహించి కర్రలతో కొడుతూనే ఉన్నాడు. చప్పుడు వచ్చిన వైపుకే తాడు దించి అతన్ని పైకి లాగారు. మొహం మంచుకు నీలంగా ఉంది.

"రెండు గంటల్నుంచి కొడుతున్నాన్రా. నువ్వు ఆపితే కదా," అన్నాడు.

పైడిరాజు జవాబు చెప్పలేదట. అతను జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి అని గవరయ్య చివరిదాకా చెప్పుకునేవాడు.

కాలు అతికాక వాళ్ళు కట్టిన పాటే 'ఎక్కడున్నావురా'. మధ్యలో పిలుపు, తరవాత నాలుగు లెక్కల నిశ్శబ్దం, తరవాత రెండు దెబ్బలు, ఆపైన అందరూ కలిసి అందుకోవడం. ఆ నిశ్శబ్దం శూన్యతత్త్వమని పండితులు వ్యాసాలు రాశారు. ఒక రేడియో అనౌన్సరు కంగారుపడి సరిగ్గా అక్కడే అంతరాయానికి చింతిస్తున్నామని చెప్పేశాడు. అంతకుముందు రికార్డింగు చేసినాయనైతే ఆ ఖాళీని కోసేద్దామన్నాడు.

"అది కోసేస్తే మా గవరయ్య ఇంకా లోయలోనే ఉంటాడండి," అన్నాడు పైడిరాజు. ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

పాట వచ్చిన ఏడాదే దాలమ్మకు కలలో నల్లచీర కట్టిన తల్లి కనిపించి, నేను ఆ రాతిలో ఉన్నాను, నాకు గుడి కట్టకండి, గోడలుంటే వినపడదు, అని చెప్పింది. నలభై మెట్లు మాత్రం చెక్కించారు. నేను ఈ సన్నిధి కమిటీలో చేరిన కొత్తలో మైకుసెట్టు విరాళంగా తెచ్చాను. దాలమ్మ మనవరాలు ఎర్నమ్మ, ఇప్పటి పూజారిణి, దాన్ని చూసి, "తాతా, ఇదెవుల కోసం? తల్లికా, నీకా?" అంది. తిరిగి పట్టుకెళ్ళాను.

ఇక్కడి ఆచారం ఇది. ఎవరి జవాబు కోసం మీ మనసు కొట్టుకుంటున్నదో వారి పేరు ఒక్కసారి పిలవాలి. మనసులో నాలుగు లెక్కపెట్టాలి. తరవాత ఎర్నమ్మ ఇచ్చే కర్రలతో రాతి మీద రెండు దెబ్బలు కొట్టాలి. రాతి గుంటలు ఈ యాభై ఏళ్ళ దెబ్బలవే. ఎడమొహం పెడమొహంగా మెట్లు దిగిన భార్యాభర్తలు మాట్లాడుకుంటూ పైకి ఎక్కడం నేను చాలాసార్లు చూశాను. నాలుగేళ్ళుగా కూతురితో మాటలు లేని ఒక మేస్త్రి, ఇంటికి వెళ్ళి ఫోన్ చేసి ఊరికే వింటూ కూర్చుంటే, అటు నుంచి ఆ పిల్లే మాట్లాడిందట. తల్లి ఇచ్చే వరం పిలిచినవారి గొంతుకు కాదు, ఆగినవారి చెవికి. ఇక్కడికి వచ్చిన మీ పిలుపుకు బదులు దొరుకుగాక.

నేను ఏటేటా మెట్లు దిగి మా తమ్ముడి పేరు పిలుస్తాను. ఒకప్పుడు పొలం గట్టు తగువులో వాడు ఏదో చెప్పబోతుంటే నేను మాట్లాడుతూనే ఉండిపోయాను. వాడు ఇప్పటికీ మా ఊళ్ళోనే ఉన్నాడు, నా గడపలోకి రాడు. పోయినేడు మూడు దాకా ఆగాను. నాలుగో లెక్క దాకా ఊరుకోవడం నాకింకా రాలేదు.