గుడి ముందు విడిచిన చెప్పులు

పాలకొల్లు బస్టాండు ఎదురుగా సోడాల కొట్టు నడిపే గవర్రాజు మంచివాడే గానీ, 'నాకు తెలియదు' అనే మాట మాత్రం చచ్చినా అనేవాడు కాదు.

బస్టాండు ఎదుట కొట్టు కదా, వచ్చేపోయేవాళ్ళంతా అతన్నే అడిగేవారు. ఏ బస్సు ఎప్పుడొస్తుంది, ఏ వీధి ఎటు పోతుంది, ఫలానా డాక్టరు ఇవాళ ఉన్నాడా లేడా. తెలిస్తే చెప్పేవాడు. తెలియకపోతే ఇంకా గట్టిగా చెప్పేవాడు. అతని మాట నమ్మి భీమవరం పెళ్ళికి బయల్దేరినవాళ్ళు నరసాపురంలో దిగి, తలంబ్రాలకి అందక, చివరి బంతి భోజనాలకి అందారట. "అడిగినవాణ్ణి ఉత్త చేతులతో ఎలా పంపుతామే?" అనేవాడు భార్య భ్రమరాంబతో. తప్పుడు దారి చేతిలో పెట్టి పంపడం కంటే ఉత్త చేతులే నయమని ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది.

అలాంటి గవర్రాజు ఒక వేసవిలో కొట్టుకి తాళం వేసి, భార్యతో కలిసి బ్యాంకాక్ యాత్రకి బయల్దేరాడు. బృందంలో అందరూ ఒకరికొకరు ముక్కూ మొహం తెలియనివాళ్ళు. విశాఖపట్నంలో విమానం ఎక్కాక, అతని పక్క సీటులో చీపురుపల్లి నుంచి వచ్చిన అప్పలనరసమ్మ అనే పెద్దావిడ కూర్చుంది. ఆవిడా, చెల్లెలూ కలిసి రావాల్సిన యాత్ర అది. బయల్దేరే ముందు చెల్లెలు జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. నువ్వైనా వెళ్ళి అన్నీ చూసొచ్చి నాకు చెప్పమని అక్కను పంపింది. చెల్లి లేకుండా గుమ్మం దాటడం ఆవిడకి ఇదే మొదటిసారి. సంచీ గుండెకి హత్తుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

గవర్రాజుకి ఆవిణ్ణి చూస్తే జాలేసింది. బెల్టు ఎలా పెట్టుకోవాలో, విమానం ఎందుకు ఊగుతుందో, కింద కనిపించేది ఏ సముద్రమో అన్నీ చెప్పాడు. ఆ దేశం ఎన్నిసార్లు వెళ్ళావు బాబూ అని ఆవిడ అడిగితే, చాలాసార్లే అనుకోండి అనేశాడు. అతని పాస్‌పోర్టుకి ఇంకా కొత్త పుస్తకం వాసనే పోలేదు. భ్రమరాంబ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. అప్పలనరసమ్మకి మాత్రం కొండంత ధైర్యం వచ్చింది. విమానం దిగింది మొదలు గవర్రాజు వెనకే నడిచింది.

దిగాక ఎవరిదో పెట్టె రాలేదు. యాత్రకి తీసుకొచ్చిన తెలుగు మేనేజరు దానికోసం విమానాశ్రయంలోనే ఉండిపోయి, మిగతావాళ్ళని అక్కడి గైడుతో బస్సులో పంపించాడు. ఆ గైడు నోయ్ అనే థాయ్ అమ్మాయి. నవ్వు మొహం, చక్కటి పిల్ల. ఆ పిల్ల ఇంగ్లీషు మాత్రం వడగళ్ళవానలా పడేది.

మొట్టమొదట నది ఒడ్డున ఉన్న పెద్ద బుద్ధుడి గుడికి వెళ్ళారు. గుమ్మం దగ్గర నోయ్ అందరికీ తలో గుడ్డ సంచీ ఇస్తూ గడగడా ఏదో చెప్పింది. గవర్రాజుకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏటంటోంది బాబూ ఆ పిల్ల?" అని అడిగింది అప్పలనరసమ్మ.

వెనకే సుహాసిని అని బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఉంది. ఇంగ్లీషు బాగా వచ్చు. తల తిప్పి ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ అడిగితే గవర్రాజు గవర్రాజెలా అవుతాడు? చెప్పులు ఇక్కడే విడిచి లోపలికి రమ్మంటోందనీ, మళ్ళీ ఇటే వస్తామనీ చెప్పాడు. మన గుళ్ళో లాగేనా అని ఆవిడ అడిగితే, అచ్చం మన గుళ్ళో లాగే అన్నాడు. ఇద్దరూ గోడ వారగా చెప్పులు పక్కపక్కన విడిచారు. మిగతావాళ్ళంతా చెప్పులు గుడ్డ సంచీలో పెట్టుకుంటున్నారు. భ్రమరాంబ కూడా వాళ్ళని చూసి అలాగే చేసింది. ఇన్నేళ్ళ కాపురం ఊరికే పోతుందా మరి!

లోపల బంగారు బుద్ధుడు. అప్పలనరసమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. చెల్లి కాలు బాగుపడాలని మొక్కుకుంది. ఇది కాస్త పట్టుకో తల్లీ అని ఊరినుంచి తెచ్చుకున్న తన సంచీ భ్రమరాంబ చేతికిచ్చి, ప్రదక్షిణకి బయల్దేరింది. ఆ జనంలో ఆవిడ ఎప్పుడు వెనకబడిందో ఎవరూ చూడలేదు.

నోయ్ అందరినీ వెనక గుమ్మం గుండా నది రేవుకి తీసుకెళ్ళింది. అక్కడ పడవ ఎక్కాలి. వచ్చిన గుమ్మానికి మళ్ళీ వెళ్ళేదే లేదు. అందరూ సంచీల్లోంచి చెప్పులు తీసి వేసుకున్నారు. గవర్రాజు మాత్రం కాలుతున్న రాళ్ళ మీద ఉత్త కాళ్ళతో గెంతుకుంటూ నడిచాడు. ఎవరో అడిగితే, అలా నడిస్తే రక్తం బాగా తిరుగుతుందనీ, ఈ దేశంలో అందరూ అంతేననీ చెప్పాడు. ఆ దేశంవాళ్ళు పక్కనుంచి బూట్లేసుకుని పోతూనే ఉన్నారు.

రేవులో నోయ్ తలలు లెక్కపెట్టింది. ఒకరు తక్కువయ్యారు.

"అయ్యో, పెద్దావిడ ఏరీ?" అంది భ్రమరాంబ. ఆవిడ ఫోనూ, పాస్‌పోర్టూ, షుగరు మాత్రలూ ఉన్న సంచీ తన చేతిలోనే ఉంది.

నోయ్ మొహం పాలిపోయింది. రేవు పక్కన దుకాణాల సందులోకి వెళ్ళి ఉంటుందని అటు బయల్దేరబోయింది. పడవవాడు త్వరగా ఎక్కమని కేకలేస్తున్నాడు. సుహాసిని గవర్రాజు వైపు తిరిగింది.

"అంకుల్, ఆవిడ పొద్దుట్నుంచీ మీతోనే ఉన్నారు కదా. ఎక్కడికి వెళ్ళుంటారో మీకేమైనా తెలుసా?"

ఆవిడ ఎక్కడుందో గవర్రాజుకి తెలుసు. తన చెప్పులు ఎక్కడున్నాయో ఆవిడా అక్కడే ఉంటుంది. అయినా, జన్మలో ఎన్నడూ అనని 'నాకు తెలియదు' అనే మాట ఆ క్షణాన నాలుక చివరికి దానంతట అదే వచ్చి నిలబడింది. అది చూసి అతనికే భయమేసింది. ఇన్నాళ్ళూ తెలియనివి తెలుసన్నాడు. ఇప్పుడు తెలిసినది తెలియదంటే ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుంది. భ్రమరాంబ అతని కాళ్ళ వైపు చూస్తూ నిలబడింది.

"తెలుసమ్మా," అన్నాడు. "చెప్పుల కోసం మొదటి గుమ్మానికి వెళ్ళుంటుంది. మళ్ళీ ఇటే వస్తామని నేనే చెప్పాను. ఆ అమ్మాయి మాట నాకు ఒక్కటీ అర్థం కాలేదు. అర్థమైనట్టు చెప్పాను. ఈ దేశం రావడం నాకూ ఇదే మొదటిసారి."

ఎవరూ నవ్వలేదు. పడవ పోతే పోనీ, ఆవిడొచ్చాకే వెళ్దామన్నారు అందరూ. పొద్దున వరకూ పేర్లు కూడా తెలియనివాళ్ళు ఆ ఎండలో రేవు మెట్ల మీద కూర్చుండిపోయారు.

నోయ్‌తో పాటు గవర్రాజు గుడి గోడ చుట్టూ పరుగెత్తాడు. కాళ్ళు కాలుతున్న సంగతే తెలియలేదు. తీరా వెళ్ళి చూస్తే గోడ వార శుభ్రంగా తుడిచి ఉంది. అతని చెప్పులూ లేవు, ఆవిడ చెప్పులూ లేవు.

కాస్త అవతల, గోడ నీడలో, వచ్చేపోయే జనం మధ్య అప్పలనరసమ్మ కూర్చుని ఉంది. ఆవిడ చెప్పులు పక్కన నేలమీద ఉన్నాయి. గవర్రాజు చెప్పులు ఒళ్ళో ఉన్నాయి. వాటిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పెదాలు ఎండిపోయాయి.

"వచ్చినావా బాబూ," అంది. "తుడిసేవాళ్ళొచ్చి అన్నీ తీసేస్తన్నారు. నీ జోళ్ళు పోతే ఈ ఎండలో ఎలా నడుస్తావని ఒళ్ళో ఎట్టుకుని కూకున్నాను."

"భయం వెయ్యలేదా అమ్మా?"

"ఏసింది. కానీ ఇటే వస్తామని నువ్వు సెప్పినావు కదా. అందుకే కదల్లేదు."

పెద్దావిడ ఒళ్ళో తన చెప్పులు! గవర్రాజు ఆవిడ ముందు నేలమీద కూలబడ్డాడు. ఆ మాట తెలియకుండానే చెప్పాననీ, విమానంలో చెప్పినవీ చాలావరకు అంతేననీ ఒప్పుకున్నాడు. క్షమించమని అడుగుతూ ఏడ్చేశాడు.

ఆవిడ ఒళ్ళోని చెప్పులు కింద పెట్టింది.

"ఆ ముక్క అప్పుడే అనుంటే ఇద్దరం కలిసి అడిగేవోళ్ళం కద బాబూ," అంది, అతని చెయ్యి పట్టుకుని.

గవర్రాజు ఆవిడ కాళ్ళకి తన చేతులతో చెప్పులు తొడిగాడు. తర్వాతే తనవి వేసుకున్నాడు.

రేవులో భ్రమరాంబ ఆవిడకి మాత్రా, మంచినీళ్ళూ ఇచ్చింది. ఎవరో జంతికలు తీశారు, ఎవరో అరటిపండు ఒలిచి పెట్టారు. ఇంకో పడవ వచ్చింది. నది మధ్యకి వెళ్ళేసరికి అవతలి ఒడ్డున ఎత్తైన గోపురం ఒకటి కనిపించింది. అది ఏ గుడి బాబూ, మా సెల్లికి సెప్పాలి అని అప్పలనరసమ్మ అలవాటు కొద్దీ గవర్రాజునే అడిగింది. పడవలో అందరూ చెవులు రిక్కించారు. గవర్రాజు నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. "ఉండండి, అడుగుదాం."

నోయ్ చెప్పింది. సుహాసిని తెలుగులో చెప్పింది. ముందు వరసలో కూర్చుని చేతులు కట్టుకుని విన్నది గవర్రాజే. భ్రమరాంబ ఈసారి మొహం తిప్పుకోలేదు.

ఇప్పుడు పాలకొల్లు బస్టాండు దగ్గర అతన్నేదైనా అడిగి చూడండి. తెలిస్తే చెబుతాడు. తెలియకపోతే, తెలియదండీ అంటూ కొట్టు దిగొచ్చి, తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తాడు.

తెలియదన్న మాటతో మన పరువేం పోదు. తెలుసన్న అబద్ధంతో మాత్రం మనల్ని నమ్మినవాళ్ళు దారి తప్పుతారు.