గూళ్లలంక ఊపిరమ్మ తల్లి గాదె, ఇటుక మొక్కు కథ

రేవు దిగి గూళ్లలంకలో అడుగుపెట్టగానే అరటితోటల మధ్య కనిపించే ఎర్రటి ఇటుక కట్టడమే ఊపిరమ్మ తల్లి సన్నిధి. గోపురం ఏదని వెతక్కండి, లేదు. దీన్ని గుడిగా కట్టలేదు, వడ్లు పోసుకునే గాదెగా కట్టారు. వరద నీరు కిందనుంచి పోవాలని, ఎలుకలు ఎక్కకూడదని పొట్టి ఇటుక స్తంభాల మీద ఎత్తుగా నిలబెట్టారు. గోడ మూరెడు మందం. ఒక వరుస నిలువిటుక, ఒక వరుస అడ్డిటుక, మధ్యలో బెల్లపు నీళ్ళు కలిపిన గానుగ సున్నం. గోరుతో గీకినా రాలదు. అలాగని గీకి చూడకండి దయచేసి! చూరు కింద మాత్రం ఇటుకంత కన్నాలు వరుసగా ఉంటాయి. కథంతా ఆ కన్నాలదే.

పూర్వం ఇక్కడ అచ్చియ్యమ్మ, నూకాలు అనే తోడికోడళ్ళు పక్కపక్క ఇళ్ళలో ఉండేవారు. అప్పట్లో లంకంతా వడ్లను గడ్డితాళ్ళతో చుట్టిన పురుల్లోనే దాచుకునేది. నూకాలు మగడు మాత్రం అవతలి ఒడ్డు నుంచి తాపీమేస్త్రిని పిలిపించి ఈ గాదె కట్టించాడు. ఊరంతా వచ్చి గోడ తడిమి చూసి వెళ్ళేది. పెద్దకోడలు అచ్చియ్యమ్మకు మాత్రం అన్నం సహించలేదు. తన పురి ముందు ఎవరూ నిలబడరాయె! పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా ఆ ఎర్రటి గోడే.

మేస్త్రి పని ముగించి వెళ్ళేనాడు నూకాలు పురిట్లో ఉంది, మగడు పొలంలో ఉన్నాడు. అచ్చియ్యమ్మ ఒక్కతే ఎదురుపడి, "ఈ కన్నాలెందుకయ్యా, ఇటుకలు చాల్లేదా?" అని ఎగతాళి చేసింది.

"గాదెకి ముక్కులు తల్లీ ఇవి. మూస్తే లోపల వడ్లు ఉడికి ముక్కిపోతాయి. చిన్నమ్మగారికి చెప్పండి," అని అతను పడవెక్కాడు.

ఆమె చెప్పలేదు. ఆషాఢం ముసురు పట్టగానే, నూకాలు మగడితో కలిసి పుట్టింటికి వెళ్ళిన రోజు చూసి, నిచ్చెన వేసుకుని, మిగిలిన ఇటుకలతోనే కన్నాలన్నీ మూసి బంకమట్టి మెత్తింది. మళ్ళీ ఎంత నున్నగా మెత్తిందనుకున్నారు, మేస్త్రి పనేమో అన్నట్టు!

నూకాలు తిరిగొచ్చి గోడ చూసి, అది తోడికోడలి పనేనని తెలిసి మురిసిపోయింది. "పిచ్చుకలు దూరకుండా మూశావా అక్కా? నేనంటే నీకెంత ప్రేమే!" అని వీధి వీధంతా చెప్పుకుంది. ఆ మెప్పు వినబడ్డ చోటల్లా అచ్చియ్యమ్మ దారి మార్చి నడిచింది.

శ్రావణంలో గోదావరి పొంగింది. నారుమళ్ళు కొట్టుకుపోయాయి. పురులు తడిసి గడ్డితో సహా కుళ్ళిపోయాయి. మళ్ళీ నారు పోయడానికి లంక మొత్తంలో మిగిలిన గింజలు నూకాలు గాదెలోవే. "నీరు తీయగానే గాదె తీస్తాను, అందరూ విత్తనాలు పట్టుకెళ్ళండి," అంది నూకాలు. జనం చేతులెత్తి మొక్కారు. ఆ గింజలు ఏమైపోతున్నాయో తెలిసింది అచ్చియ్యమ్మకు ఒక్కదానికే.

ఆ మధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టింది. కలలో ఒళ్ళంతా చెమటతో ఒక ఆడమనిషి వచ్చి, "నీ కుళ్ళు నా ముక్కులో కుక్కావేమే! ఊపిరాడక ఛస్తున్నాను, తియ్యి!" అని కసిరింది.

అచ్చియ్యమ్మ ఉలిక్కిపడి లేచి, మోకాలిలోతు నీళ్ళలో నిచ్చెన ఈడ్చుకొచ్చి, అందరూ చూస్తుండగా ఇటుకలు పీకడం మొదలుపెట్టింది. మొదటి కన్నంలోంచి అన్నం గంజి వార్చినప్పటిలా ఆవిరి కొట్టింది. "కుళ్ళుబోతుదాన్నే నూకాలూ! తెలిసే మూశాను," అని నిచ్చెన మీదే ఏడ్చింది.

గాదె తీశారు. గోడవార వడ్లు నల్లబడి కంపు కొట్టాయి. నడిమి వడ్లు వెచ్చబడ్డాయి గానీ చెడలేదు. లంకకు నారు దక్కింది.

నూకాలు తోడికోడలితో ఇలా అందట: "మూసినందుకు క్షమిస్తానేమో అక్కా. ఊరంతా నేను నిన్ను మెచ్చుకుంటూ తిరిగితే నోరు మూసుకున్నావు చూడు, దానికి నాకు మండుతోంది. ఏటా శ్రావణంలో ఈ కన్నాలు వదులుగా మూసి నీ చేత్తోనే తెరువు, తెరిచేటప్పుడు నా పేరు పైకి చెప్పు."

ఊపిరాడక కలలో కసిరిన ఆ తల్లినే లంకంతా ఊపిరమ్మగా కొలిచింది, గాదె గుడైంది. ఈనాటికీ అచ్చియ్యమ్మ వంశంవారే ఇక్కడ పూజారులు. అచ్చియ్యమ్మ వేలిముద్రలతో బంకమట్టి అంటిన ఇటుకే గర్భగుడిలో అమ్మవారి మూర్తి. శ్రావణ మంగళవారాల్లో పూజారి కన్నాలను ఇటుకలతో వదులుగా మూస్తారు. భక్తులు మెట్లెక్కి, ఎవరిని చూస్తే తమ కడుపు మండుతుందో వాళ్ళ పేరు పైకి చెప్పి ఒక ఇటుక లాగాలి. గొణిగితే కుదరదు. ఆ మనిషి పక్కనే ఉంటే మరీ మంచిది, ఇటుక వారే అందుకుని కింద పెడతారు. ఇలా కలిసిన వియ్యపురాళ్ళను, అన్నదమ్ములను మా లంకలో అడిగితే చెబుతారు.

ఇటుక తీశాక ఆ కన్నం దగ్గర చెంప పెట్టి చూడండి. చల్లగాలి తగిలితే తల్లి దయ కలిగినట్టే, పంటకూ పిల్లలకూ ఏ లోటూ ఉండదు. వెచ్చగా తగిలితే మాత్రం మీరింకా ఒక పేరు దాచుకున్నారని అర్థం. సిగ్గుపడకండి, పక్క ఇటుక తీయండి.